ఐదింటిలో ఒక స్లైడు

“నా వేలు నేనివ్వను. ఇంకోసారి అడిగావంటే ఈ ఇస్త్రీపెట్టె తీసి నెత్తిన పెడతాను.”

వదిన అన్నంత పనీ చేయగల మనిషి. సూది, దూది పట్టుకుని నిలబడ్డ ఆడపడుచు ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఒక్క చుక్క వదినా. చీమ కుట్టినంత.”

“ఆదివారం కుట్టింది చాల్లేదా? నిన్ను చూసి పాలవాడు గుమ్మంలో సీసా పడేసి పారిపోతున్నాడు. సూదమ్మ వస్తోందంటే వీధంతా తలుపులు వేసుకుంటోంది.”

వీధి వైపు గది వదినది. రెండు బల్లలు, రెండు ఇస్త్రీపెట్టెలు, గోడ పొడుగునా అరలు. ముప్పై ఇళ్ళ బట్టలు ఆ గదిలోకి నలిగి వస్తాయి, మడతలు పడి వెళ్తాయి. ప్రతి బట్టకీ మెడ లోపల ఒక పేలిక, దాని మీద దారంతో కుట్టిన గుర్తు. ఇన్నేళ్ళూ వదిన నిలబడే పని చేసింది. ఈ మధ్యే ఒక స్టూలు వచ్చి చేరింది.

“ఎందుకో చెప్పి అడుగు,” అంది వదిన.

ఆమె చెప్పలేదు. సాయంత్రం నాలుగింటి నుంచి ఇదే మాట వదిన అడగడం, ఇలాగే ఆమె నీళ్ళు నమలడం.

“ఆదివారం తీసినవి పాడయ్యాయి.”

“రక్తం పాడవుతుందా, కూరలాగా?”

“రక్తం కాదు. గుర్తులు చెరిగిపోయాయి. ఏది ఎవరిదో తెలియట్లేదు.”

వదిన ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. అప్పుడు నవ్వింది.

“ఐదు గాజుముక్కలు. ఇరవై ఏళ్ళయింది నేనీ గదిలోకి వచ్చి. ఒక్క చొక్కా, ఒక్క జేబురుమాలు, ఒకరిది ఇంకొకరింటికి పోలేదు. చదువుకోని దాన్ని. నువ్వు చదువుకుని, ఉద్యోగం చేసి, మళ్ళీ ఆర్నెల్లు ఆ సంస్థలో ల్యాబ్ పని నేర్చుకుని, ఐదు గాజుముక్కలు కలిపేశావా? ఆ సంస్థవాళ్ళకి తెలుసా ఈ సంగతి?”

తెలియదు. అదే ఆమె గుండెల్లో రాయి.

స్లైడుకి ఒక చివర గరుకుగా ఉంటుంది. పేరు అక్కడ రాయాలి, పెన్సిల్‌తోనే రాయాలి. ఏ సిరా అయినా స్పిరిట్‌లో కరిగిపోతుంది. సంస్థలో మొదటిరోజు చెప్పిన మొదటి పాఠం అదే. ఆదివారం పొద్దున సరిగ్గా ఆ వేళకి పెన్సిల్ ముక్కు విరిగింది. రక్తం చుక్క ఆరిపోకముందే గాజు మీద పలచగా లాగాలి. రెండు చేతులూ ఖాళీ లేవు. పక్కన పదేళ్ళ కూతురు పిచ్చుక రంగు పెన్నుల డబ్బా ముందేసుకుని కూర్చుంది.

“నేను రాస్తానమ్మా,” అంది పిచ్చుక.

“రాయి,” అంది ఆమె.

తాతయ్యకి నీలం. మావయ్యకి ఆకుపచ్చ. అత్తకి ఎరుపు. అమ్మకి ఊదా. తనకి గులాబీ. ఆ పిల్ల నాలుక బయటపెట్టి రాస్తుంటే ముద్దొచ్చింది కూడా. ఐదింటినీ స్పిరిట్ సీసాలో నిలబెట్టిన రెండు నిమిషాలకి సీసా బురదనీళ్ళ రంగుకి తిరిగింది. ఐదు స్లైడ్లూ కడిగిన పళ్ళేల్లా తెల్లగా మిగిలాయి.

అప్పుడు నవ్వుకుంది. సాధనకే కదా, ఎవరిదైతేనేం అనుకుంది. ఇవాళ మధ్యాహ్నం వాటికి రంగు వేసి, సంస్థవాళ్ళు ఇంటికిచ్చిన పాత మైక్రోస్కోపు కింద పెట్టేదాకా అలాగే అనుకుంది.

నాలుగు బాగున్నాయి. ఐదోది బాగాలేదు.

*

అన్న స్కూలు వ్యాన్ నడుపుతాడు. పిల్లలందరినీ దించి ఆరింటికి ఇల్లు చేరేసరికి పెళ్ళాం ఒక మూల, చెల్లెలు ఒక మూల కనిపించారు. మధ్యలో తండ్రి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన పాత వడ్రంగి. చేతులు వణకడం మొదలయ్యాక ఉలి వదిలేసి ఊరికే కూర్చోవడం నేర్చుకుంటున్నాడు. అది ఆయనకింకా సరిగ్గా రాలేదు.

“ఏమైంది?” అన్నాడు అన్న.

“మీ చెల్లెలికి మళ్ళీ ఆకలేసింది. రక్తం కావాలట,” అంది వదిన.

“ఏంటే చిన్నదానా, పసిపిల్లలాట? సోమవారం ఉద్యోగంలో చేరుతున్నావు. అక్కడ గుచ్చుకో కావలసినన్ని వేళ్ళు.”

“అన్నయ్యా, ఒకదాంట్లో మంచి రక్తం లేదు.”

“అంటే?”

“తెల్లకణాలు ముదరకుండానే బయటికి వచ్చేస్తున్నాయి. ఒకటీ రెండూ కాదు. ఎటు చూసినా అవే.”

“అంటే ఏంటి? నాకు అర్థమయ్యేట్టు చెప్పు.”

“రక్తంలో క్యాన్సర్ అనిపిస్తోంది.”

“అనిపిస్తోందా?”

“ఇలాంటిది చూసి పదేళ్ళు దాటింది. కానీ అదే అనిపిస్తోంది.”

“ఎవరిది?”

వదినే చెప్పింది, మెల్లగా, ఎగతాళి అంతా పోయిన గొంతుతో.

“అదే తెలీదట.”

అన్న చెయ్యి దానంతటదే దవడ కిందికి వెళ్ళి అక్కడేదో వెతికింది. ముసలాయన తన గోళ్ళవంక చూసుకున్నాడు. వదిన మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టింది. పిచ్చుక బయట తాడాట ఆడుతోంది. తాడు నేలకి తగిలే చప్పుడు ఆగకుండా వినబడుతోంది.

“నాదే అయ్యుంటుంది,” అన్నాడు తండ్రి. “డెబ్బై నాలుగొచ్చాయి. ఇంకెవరికొస్తుంది?”

“అవునేమో మావయ్యగారూ. ఈమధ్య సరిగ్గా తినట్లేదు కూడా మీరు,” అంది వదిన వెంటనే.

“బరువు తగ్గావు నాన్నా. చొక్కాలు వదులయ్యాయి,” అన్నాడు అన్న.

“దగ్గు కూడా ఉంది కదా నాన్నా నీకు,” అంది ఆమె.

దగ్గుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

అన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వదిన టీ నీళ్ళు పెట్టడానికి లేచింది. ఇంట్లో మళ్ళీ గాలి ఆడింది.

ముసలాయన ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు.

“నేనేదో మాటవరసకన్నాను. మీరు ముగ్గురూ అప్పుడే నన్ను మోసుకెళ్ళడానికి భుజాలు సర్దుకుంటున్నారే!”

ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వించడానికి అనలేదు.

“అది కాదు నాన్నా,” అన్నాడు అన్న. ఏది కాదో చెప్పలేక కోపం తెచ్చుకున్నాడు. ఆ కోపం చెల్లెలి మీదికి తిప్పాడు. “రేపు పొద్దున మళ్ళీ తియ్యి. నేనిస్తా, నాన్న ఇస్తాడు, పిల్లదిస్తుంది. తీసుకెళ్ళి పెద్దవాళ్ళకి చూపించు. ఇదంతా ఉత్తిదే అని తేలిందనుకో, వస్తూ వస్తూ ఆ భూతద్దం పెట్టె ఎవరిచ్చారో వాళ్ళకే ఇచ్చేసిరా. సోమవారం ఉద్యోగం లేదు, గిద్యోగం లేదు. నా ఇంట్లో ఉన్నంతకాలం ఆ పని కుదరదు. ఇంట్లో మనుషుల్ని ఇలా చంపుకుతినే పని మాకొద్దు.”

“నేను చూసింది నిజమైతే?”

“నోర్ముయ్యి!”

అన్న చెడ్డవాడు కాడు. భయపడ్డాడు. భయపడ్డ మగవాడు ముందుగా చేసే పని, ఇంట్లో ఎవరో ఒకరికి తలుపు చూపించడం. ఆమెకి ఇది కొత్త కాదు. మొగుడు పెళ్ళయిన ఏడాదికే ల్యాబ్ ఉద్యోగం మాన్పించాడు. తర్వాత తనే కాపురం మానేశాడు. పుట్టింటికొచ్చి రెండేళ్ళయింది. ఇందులో ఒకటిన్నర ఏడాది గోడవంక చూస్తూ గడిచింది. ఆర్నెల్ల క్రితం సంస్థవాళ్ళు ఆమె చేతిలో స్లైడు పెట్టారు.

“నేను మాత్రం ఇవ్వను,” అంది వదిన వంటగది గుమ్మంలోంచి.

“నీకేం వచ్చింది? అందరం ఇస్తున్నాంగా!” అన్నాడు అన్న.

“మా అమ్మకి ఇలాగే గుచ్చారు. ఏం ఉందో తేలాక, ఇంటికి మనుషులు రావడం మొదలైంది. తలా రెండు నారింజపండ్లు పట్టుకుని. మంచం చుట్టూ కూర్చునేవాళ్ళు. ఎవరూ మాట్లాడరు. మా నాన్న అంతకుముందు దాంతో పొద్దస్తమానం పోట్లాడేవాడు. ఆ రోజు నుంచి పోట్లాడ్డం మానేసి, చూడ్డం మొదలుపెట్టాడు. అలా చూసీ చూసీ చంపేశారు దాన్ని. నాకు తెలుసుకోవాలని లేదు. నాదైతే నాదే. నన్నొదిలెయ్యండి.”

టీ ఎవరూ తాగలేదు.

*

పిచ్చుక కాళ్ళు కడుగుతుంటే కనిపించింది. ఎడమ మోకాలి కింద, రూపాయి బిళ్ళంత, నల్లగా కమిలిన మచ్చ.

“ఇదెక్కడ తగిలింది?”

“ఏమో.”

“ఏమో అంటే? తగిలితే తెలీదా?”

“తెలీదమ్మా. తాడాటలో తగిలిందేమో.”

“తగిలిందా, దానంతటదే వచ్చిందా? సరిగ్గా గుర్తుతెచ్చుకో!”

కాలు ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకి తెలియలేదు. పిచ్చుక ఏడుపు మొదలుపెట్టాక వదిలింది. మచ్చ పక్కనే తన నాలుగు వేళ్ళ గుర్తులు ఎర్రగా తేలాయి.

“నేను పెన్నుతో రాశాననేనా అందరూ నిన్ను తిడుతున్నారు?” అంది పిచ్చుక వెక్కుతూ.

“నువ్వు రాయలేదు. నేను రాయమన్నాను.”

“రెండూ ఒకటే కదా.”

“కాదు. ఒకటి కాదు.”

ఆ పూట పిల్లకి ముద్ద నోట్లో పెడుతూ ఆమె మనసులో ఒక్కొక్కరినీ ఆ ఐదో స్లైడుకి ఇచ్చేసింది. ముందు తండ్రిని. ఆయనది ఎంతోసేపు పట్టలేదు. తర్వాత తనని. తను పోతే పిల్లకి ఎవరున్నారని వెనక్కి తీసుకుంది. వదినని ఇచ్చింది. చివరికి, తనని రెండేళ్ళుగా మోస్తున్న అన్నని కూడా ఇచ్చింది. ఇచ్చి, నోరు తెరువు తల్లీ అని పిల్లకి ఇంకో ముద్ద పెట్టింది.

తెల్లారి ఆరింటికి నాలుగు వేళ్ళు గుచ్చింది. ఈసారి ముందుగా నాలుగు పెన్సిళ్ళు చెక్కి పెట్టుకుంది. తండ్రి వేలు వణికితే రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. “కానీ, కానీ. చెక్కకి మేకు కొడుతున్నాననుకో,” అన్నాడాయన. పిచ్చుక కళ్ళు మూసుకుంది. అన్న గోడ వైపు తిరిగి వేలు చాచాడు.

వీధి గది తలుపు లోపలినుంచి గడియపెట్టి ఉంది. ఇస్త్రీపెట్టె బల్ల మీద పెడుతున్న చప్పుడు, తీస్తున్న చప్పుడు. తలుపు తట్టింది. చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

*

మధ్యలో పని మానేసిన ఆడవాళ్ళని మళ్ళీ పనిలో నిలబెట్టడం సంస్థ చేసే పని. పాత మూడంతస్తుల భవనం. కింద కంప్యూటర్లు, మధ్యలో కుట్టుమిషన్లు, పైన చివరిగదిలో మైక్రోస్కోపులు. అక్కడ నేర్పే పెద్దావిడ ముప్పై నాలుగేళ్ళు పెద్దాసుపత్రి ల్యాబ్‌లో చేసి వచ్చింది. జీతం తీసుకోదు, మెచ్చుకోదు. స్లైడు మీద నూనె చుక్క ఎక్కువ పడితే వేళ్ళ మీద కొడుతుంది. వెనకాల అందరూ నూనెచుక్క మేడమ్ అంటారు. ఆవిడకి తెలుసు.

“సోమవారం చేరాల్సినదానివి, ఇవాళెందుకొచ్చావ్? మొహమేంటి అలా ఉంది?”

“ఇది ఒక్కసారి చూడండి మేడమ్.”

పెద్దావిడ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి కటకం మీద వంగింది. స్లైడుని ఒకవైపు జరిపింది. ఇంకోవైపు జరిపింది. చాలాసేపు తల ఎత్తలేదు.

“వందలో ముదరనివి ఎన్ని లెక్కపెట్టావ్?”

“అరవై రెండు.”

“నాకూ అంతే వస్తాయి. ప్లేట్‌లెట్లు?”

“వెతికితే కానీ లేవు.”

పెద్దావిడ కళ్ళజోడు దించుకుంది.

“చక్కగా లాగావు. రంగు కూడా సమంగా పడింది. నీ చేతులు నీకొచ్చేశాయి. కళ్ళూ వచ్చేశాయి.”

ఆర్నెల్లుగా ఆ నోటినుంచి ఈ మాట వినాలని ఆమె పడిచచ్చింది. తప్పు చూశావు గుడ్డిదానా అని తిడితే ఇప్పుడు ఆ కాళ్ళ మీద పడేది.

“పేషెంట్ ఎవరు?”

“తెలీదు.”

పెద్దావిడ వినబడనట్టు చూసింది.

“మా ఇంట్లోవాళ్ళది మేడమ్. ఐదుగురివి తీశాను. పెన్నుతో రాయించాను. చెరిగిపోయాయి.”

కింద ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నారు.

“ఇంట్లోవాళ్ళ రక్తం తీయొద్దని చెప్పానా?”

“చెప్పారు.”

“ఎందుకో తెలుసా? కనబడితే ఏం చేస్తావని. చూశాక చూడనట్టు ఉండటం మన చేతకాదు. సరే, తీశావు. పెన్సిల్ అని చెప్పానా?”

“చెప్పారు.”

“హాస్పిటల్‌వాళ్ళకి నేను సంతకం పెట్టి ఉత్తరం పంపింది నీ కళ్ళు చూసి కాదు. కళ్ళు ఎవరికైనా వస్తాయి. పేరు దగ్గర తప్పు చేయవని పెట్టాను. ఒకడి జబ్బు ఇంకొకడికి రాసి పంపితే ఇద్దరూ పోతారు.”

“ఆ ఉత్తరం వెనక్కి తీసుకుంటారా మేడమ్?”

“సాయంత్రం ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్తాను. దాచను. ఇంతకంటే బాగా చదివే మనిషి నా దగ్గర ఇంకెవరూ లేరని కూడా చెప్తాను. అదీ నిజమే కాబట్టి. తీసుకోవడం, తీసుకోకపోవడం వాళ్ళిష్టం. కొత్తవి తెచ్చావా?”

“నాలుగే. మా వదిన ఇవ్వలేదు.”

“రంగు వెయ్యి.”

వేసింది. కడిగింది. ఆరబెట్టింది. ఆరినవాటిని పెద్దావిడ ముందు పెట్టి దూరం జరిగింది.

“మీరు చూడండి మేడమ్. నావల్ల కాదు.”

“నేను ముట్టుకోను. పని మధ్యలో వదిలేసి వెళ్ళడం నీకు ఒకసారి అయిపోయింది. కూర్చో.”

కూర్చుంది.

మొదటిది తండ్రిది. నిర్మలంగా ఉంది. ఆయనకి తను అంటగట్టిన దగ్గు గుర్తొచ్చి తల వంచుకునే రెండోది పెట్టింది. అన్నది. బాగుంది. మూడోది తనది. బాగుంది.

నాలుగో స్లైడు మీద గుండ్రటి అక్షరాలతో తనే రాసిన మూడక్షరాల ముద్దుపేరు. నూనె చుక్క వేస్తే రెండు చుక్కలు పడ్డాయి. పెద్దావిడ వేళ్ళ మీద కొట్టలేదు.

లెక్క యంత్రం మీట నొక్కడం మొదలుపెట్టింది. పది. ఇరవై. యాభై. ఎనభై. వందకి గంట మోగింది. నమ్మకం కలగక ఇంకో వంద లెక్కపెట్టింది.

“కాదు మేడమ్! నా పిల్లది కాదు! ఒక్కటి లేదు! చూడండి, ఒక్కటంటే ఒక్కటి లేదు!”

నవ్వుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ముక్కు తుడుచుకుంటూ తిరిగింది.

గుమ్మంలో వదిన నిలబడి ఉంది. మూడంతస్తులు ఎక్కి, తలుపు చట్రం పట్టుకుని రొప్పుతోంది.

“పిచ్చుకది కాదన్నమాట,” అంది వదిన.

“కాదు వదినా!” అదే సంతోషంలో అనేసింది.

“మావయ్యగారిది?”

“కాదు.”

“మీ అన్నది?”

తల అడ్డంగా ఊపింది. ఊపుతుండగానే తనేం చెప్తోందో అర్థమైంది.

“నీది?”

ఇక మెడ తిరగలేదు.

“మంచిదే,” అంది వదిన. “పిల్లది కాదు. అది చాలు.” లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది. ఎడమచెయ్యి బల్ల మీద పెట్టింది. “ఇందాక తలుపు తీయనందుకు ఏమీ అనుకోకు. కానీ. గుచ్చు.”

“ఇంకా ఏమీ తేలలేదమ్మా. ముందు చూడనీ,” అంది పెద్దావిడ.

“నాకు తేలిందండీ. మూడు నెలలుగా పళ్ళు తోముకుంటే నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. నిన్న ఇది రెండోసారి సూది పట్టుకొచ్చినప్పుడే నాకు తేలింది.”

చాచిన చెయ్యి లోపలివైపు, మణికట్టు నుంచి మోచేతిదాకా నీలిమచ్చలు. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని దాచుకుంది ఇన్నాళ్ళూ. ఒకే ఇంట్లో, ఒకే పళ్ళెంలో తింటూ, ఆమె ఆ చేతుల్ని చూడలేదు. కూతురి కాలి మీద రూపాయి బిళ్ళంత మచ్చ చూసింది.

గుచ్చింది. రక్తం చుక్క చిన్నదే. ఆగడానికి మాత్రం చాలాసేపు పట్టింది. వదిన వేలిని దూదితో అదిమిపట్టి ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా కూర్చున్నారు.

కటకం కింద మొదటి చోటే తెలిసిపోయింది. లెక్కపెట్టాల్సిన పనే లేదు. అయినా వందదాకా లెక్కపెట్టింది, ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా. గంట మోగేదాకా వదిన వదినే. తర్వాత పేషెంట్.

గంట మోగింది.

వదిన దూది తీసి చూసుకుని, మళ్ళీ పెట్టుకుంది.

“ఇవాళే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రేపు కాదు,” అంది పెద్దావిడ. “ఇప్పుడు మందులున్నాయి. మీ అమ్మగారి కాలం కాదు.”

“వెళ్తానండీ. ఇది తీసుకెళ్తుంది నన్ను.” వదిన ఆడపడుచు వైపు తిరిగింది. “కానీ మీ అన్నకి చెప్పొద్దు.”

“వదినా!”

“తప్పు చూశానని చెప్పు. పెద్దావిడ చూసి, ఇదేం కాదని తిట్టిందని చెప్పు. ఆయన నన్ను తిట్టాలి. ఉప్పెక్కువైందనో, టీ చల్లారిందనో రోజూ పోట్లాడాలి. మా నాన్నలాగా నోరు మూసుకుని చూడ్డం మొదలుపెట్టాడనుకో, నేను ఆ చూపుకే పోతాను.”

“ఎన్నాళ్ళు దాస్తావు?”

“దాగినన్నాళ్ళు.”

“ఉత్తిదే అని తేలితే అన్నయ్య ఏమన్నాడో విన్నావుగా?”

“విన్నాను. నీ ఉద్యోగమే అడుగుతున్నానని తెలుసు.” వదిన దూదిని వేలికి గట్టిగా అదుముకుంది. “రెండేళ్ళు నీ బట్టలూ నీ పిల్ల బట్టలూ నేనే ఉతికి మడతపెట్టాను. ఎప్పుడైనా నిన్ను ఏమైనా అడిగానా? ఇదొక్కటి అడుగుతున్నాను.”

బల్ల మీద ఫోన్ మోగింది. అన్న.

అది మోగుతూనే ఉంది. పెద్దావిడ కిటికీ వైపు తిరిగింది. వదిన మాత్రం కళ్ళు తిప్పలేదు.

ఆమె ఫోన్ తీసింది.

“చెప్పవే! చూపించావా? ఎవరిది?”

“అన్నయ్యా...”

“ఎవరిదే? నాన్నదా? పిల్లదా? చెప్పు!”

“ఎవరిదీ కాదు. నేను తప్పు చూశాను.”

అవతల ఏడుపు వినబడింది. నలభై నాలుగేళ్ళ మనిషి వ్యాన్ తలుపుకి ఆనుకుని ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే నవ్వాడు. “నాన్నా, ఎవరిదీ కాదంట! ఇది గుడ్డిది! గుడ్డి మొహంది!” అని అరిచాడు. వెనకనుంచి ముసలాయన ఏదో అన్నాడు. “మీ వదిన పొద్దున్నించీ ఇంట్లో లేదు. ఎక్కడ కూర్చుని ఏడుస్తోందో, చూసి చెప్పాలి. నువ్వా పెట్టె అక్కడే పడేసిరా. సోమవారం ఎక్కడికీ పోనక్కర్లేదు. విన్నావా?”

“విన్నాను.”

ఫోన్ పెట్టేసింది. వదిన కళ్ళు మూసుకుంది.

పెద్దావిడ కిటికీ దగ్గరి నుంచి వచ్చి మైక్రోస్కోపు దీపం ఆర్పింది. కోపంగా లేదు. అలసిపోయినట్టుంది.

“పేరు చెరిగిపోవడం పొరపాటు. అది వాళ్ళకి చెప్పి నీ తరఫున బతిమాలగలను. ఇప్పుడు నా ఎదురుగా నిలబడి, కళ్ళెదుట స్లైడు పెట్టుకుని, లేదని చెప్పావు. దీన్ని ఏమని చెప్పమంటావు?”

ఆమె వదిన స్లైడు తీసి కాగితంలో చుట్టింది.

“పద,” అంది వదిన. బల్ల అంచు పట్టుకుని లేవబోయింది. లేవలేక మళ్ళీ కూర్చుంది.